మోటారు ఆపని మద్దిలేటి

బేతంచెర్ల దగ్గర ఒక నాపరాయి గనిలో మోటారు చూసుకునే మద్దిలేటికి, తనది నెలజీతం ఉద్యోగమన్న గర్వం నెత్తికెక్కి ఉండేది. ఆ గని చాలా లోతు. అడుగున ఎప్పుడూ నీళ్లు ఊరుతూ ఉండేవి. పొద్దున్నే మద్దిలేటి మోటారు వేసి నీళ్లు తోడేస్తేనే కూలీలు గడ్డపారలు పట్టుకుని కిందికి దిగగలిగేవారు. వాళ్లందరిదీ ఏ రోజుకారోజు పని. అతనొక్కడికే ఏడాది పొడుగునా పని ఉండేది. ఎవరైనా కష్టం చెప్పుకోబోతే, "నాకేం, నాది పర్మినెంటు" అని మీసం దువ్వేవాడు. అన్నం తింటూ కూడా అదే మాట. భార్య సుంకమ్మ విని విని, వినడం మానేసింది.

ఇంతలో గనికి రాయి కోసే మిషన్ వచ్చింది. మర్నాడే దాన్ని కిందికి దింపుతామనీ, ఇక కూలీలు రానక్కర్లేదనీ ఓనరు కబురు చేశాడు. ఆ సాయంత్రం సుంకమ్మ తమ్ముడు ఓబులేసు తోటి కూలీలను వెంటబెట్టుకుని మద్దిలేటి ఇంటికి వచ్చాడు.

"బావా, రేపు మోటారు ఎయ్యొద్దు," అన్నాడు ఓబులేసు. "నీళ్లు నిండితే మిషన్ దిగల్యాదు. అప్పుడు ఓనరు మాతో మాట్లాడక తప్పదు. సగం మందికన్నా పని ఇయ్యమని అడుగుతాం."

"ఎయ్యకుంటే నా ఉద్యోగం ఉంటాదా?"

"నీకేమన్నా అయితే మేమంతా నీ ఎనక ఉంటాం బావా. ఈ పొద్దు ఇంతమందిమి ఉండాం. పని పోతే ఎవురం యాడుంటామో!"

"మీ కోసం నా నోట్లో నేనే మన్ను కొట్టుకోమంటావా? నాది పర్మినెంటురా! పోండి, పోండి."

సుంకమ్మ ఏదో అనబోతే ఆమె మీదా కళ్లెర్రజేశాడు. ఓబులేసు మంచినీళ్లయినా ముట్టకుండా లేచిపోయాడు.

మర్నాడు మద్దిలేటి రోజూకంటే ముందే వెళ్లి మోటారు వేశాడు. కూలీలు గట్టు మీద నిలబడి, నీళ్లు తగ్గిపోతుంటే చూస్తూ ఉండిపోయారు. మిషన్ దిగింది. నెల తిరక్కుండా వాళ్లంతా పెళ్లాంబిడ్డలతో మూటాముల్లె సర్దుకుని, కాంక్రీటు పనులు వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లిపోయారు. ఓబులేసు అక్కకు చెప్పి వెళ్లాడు. బావకు చెప్పలేదు.

వానలు వెనకబట్టాక ఓనరు కొత్త మోటారు తెప్పించాడు. నీళ్లు పెరిగితే అది దానంతటదే నడుస్తుంది, తగ్గితే దానంతటదే ఆగిపోతుంది.

"అయ్యా, నాది పర్మినెంటు గదా!" అన్నాడు మద్దిలేటి.

"పాత మోటారు ఉన్నన్నాళ్లూ పర్మినెంటే. ఇప్పుడు దాన్నే తీసేస్తిమి గదప్పా," అన్నాడు ఓనరు నింపాదిగా.

మద్దిలేటి కాళ్లావేళ్లా పడ్డాడు. లాభం లేకపోయింది. నలుగురినీ తీసుకొచ్చి అడిగిద్దామని, ఆ కంగారులో వాళ్లు ఊరు విడిచిన సంగతే మరిచి, కూలీలుండే వీధికి పరుగెత్తాడు. ఓబులేసు ఇంటికి తాళం. పక్కింటికీ తాళం. వీధి పొడుగునా తాళాలే.

ఏడుపు దిగమింగుకుంటూ ఇంటికి వచ్చి, "మీ తమ్మునికి ఫోన్ చేసి అందర్నీ పిలుచుకుని రమ్మను," అన్నాడు.

"ఏ మొగం పెట్టుకుని పిలవాల?" అంది సుంకమ్మ.

మోటారు వేయడం తప్ప వేరే పని రాని ఆ చేతులతో మద్దిలేటి మొహం కప్పుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. ఓదార్చడానికి సుంకమ్మకు కూడా మనసు రాలేదు.

నీతి: తోటివాడి పని పోతున్నప్పుడు నాకేమని ఊరుకున్నవాడికి, తన పని పోయేనాడు అండగా నిలబడడానికి ఎవరూ మిగలరు.