గోరింక చెవిలో చెప్పిన మాట

కొండవాగు పక్కన ఇసుక మేట మీద జంతువుల బడి ఒకటి ఉండేదర్రా. పలకల్లేవు, పుస్తకాల్లేవు. తడి ఇసుకలో పడ్డ అడుగులు చూసి ఎవరు నడిచారో, ఎటు వెళ్ళారో చెప్పాలి. అడవిలో ఆ చదువు రానివాడు పులికి పలహారమే కదా మరి! అక్కడ టీచరమ్మ కొంగ.

ఆ బడిలో ఎలుగుపిల్ల నూకాలుకి ఒక ఇబ్బంది. బుర్ర బంగారమే, కానీ జాడలు కళ్ళ ముందు తారుమారైపోతాయి. లేడిది పందిదిలా, పందిది లేడిదిలా కనబడుతుంది. రెండేళ్ళు ఒకే తరగతిలో ఉండిపోయింది. ఈసారీ తప్పితే బడి మానిపించి తేనెపట్టులు కొట్టడానికి తీసుకుపోతానంది వాళ్ళమ్మ. అందుకని టీచరమ్మ ఒక గోరింకను పిల్ల పక్కన కూర్చోబెట్టింది. ఇసుకలో ఏముందో గోరింక చెబుతుంది, నూకాలు విని జవాబిస్తుంది.

ఇది నక్క పేరయ్య కంట పడింది. వాడి కొడుకు పేరు సింహాద్రి. నక్కకి ఆ పేరేంటని అడక్కండి, తండ్రి ముచ్చట! పేరయ్య మూడ్రోజులు తుప్పలో దాక్కుని మరీ చూశాడు.

"చూశావటే, ఆ గోరింక దాని చెవిలో ముక్కు పెట్టేసింది," అన్నాడు పెళ్ళాంతో. "చెవిలో చెప్పేది జవాబు కాక జోలపాటా?"

"పక్క పిల్లలకి అడ్డు రాకూడదని మెల్లిగా చెబుతుందేమోనయ్యా."

"కొంగ జపం చేపల కోసమేనే పిచ్చిదానా! ఆ ఎలుగు తేనెపట్టు ఒకటి ముట్టజెప్పే ఉంటుంది."

పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చనే కదా! మర్నాడే బడికెళ్ళాడు.

"అమ్మా టీచరమ్మా, మావాడికీ జాడలు కనబడ్డం లేదు. గోరింకని మావాడికీ ఇవ్వాలి. లేదంటే ఎవరికీ వద్దు."

"నిన్నటిదాకా బాగానే చదివేవాడే!"

"పిల్లలకి ఎప్పుడేమొస్తుందో ఎవరికి తెలుసు తల్లీ?"

కొంగ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించింది. "సరే. పది రోజుల్లో పరీక్ష. ముందు మీవాడు, తర్వాత నూకాలు. ఎండ ఆ బండ మీదికొస్తే పరీక్ష ముగిసినట్టే."

నూకాలు ఆ బండ వైపు చూసింది. తన వంతు వచ్చేదాకా ఎండ ఆగుతుందా?

పేరయ్య ఇంటికొచ్చి, "ఒరే సింహాద్రీ, ఈ పది రోజులూ చదవకు. వచ్చినవి కూడా మర్చిపో. నీకు వచ్చని తెలిస్తే గోరింకని లాగేసుకుంటారు," అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. గోరింక సింహాద్రి చెవిలో చెప్పింది. "రెండు గిట్టలు. వెనక రెండు చుక్కలు. మొన వాగు వైపు."

"ఊ, తర్వాత?"

"తర్వాత నువ్వే చెప్పాలి నాయనా."

"మరి జవాబు?"

"నేనూ అదే అడుగుతున్నా."

తుప్పలోంచి పేరయ్య ఒక్క దూకు దూకాడు. "ఏమే గోరింకా! ఆ ఎలుగుపిల్లకి చెప్పినట్టు మావాడికి చెప్పవేం?"

"చెప్పినట్టే చెప్పానయ్యా. నమ్మకపోతే ఇక్కడే కూర్చుని విను."

సింహాద్రి తెల్లమొహం వేసుకుని లేచిపోయాడు. ఎండ బండకి ఇంకా బారెడు దూరంలో ఉంది. గోరింక నూకాలు పక్కన వాలి, ఈసారి అందరికీ వినబడేలా అవే మాటలు అంది.

"పంది! నీళ్ళకెళ్ళింది!" అనేసింది నూకాలు, మాట పూర్తవుతూనే. పన్నెండు జాడలకి పన్నెండూ చెప్పేసింది. చూడ్డానికొచ్చిన వాళ్ళమ్మ పిల్లని ఎత్తేసుకుంది.

పేరయ్య కొడుకు చెవి మెలిపెట్టాడు. "పందిజాడ కూడా తెలీదట్రా వెధవా?"

"మొన్నటిదాకా తెలుసు నాన్నా. నువ్వే మర్చిపొమ్మన్నావుగా!"

నీతి: ఊతకర్ర ఎవరిచ్చినా, నడక మాత్రం ఎవరిది వాళ్ళే నడవాలి.