ఓబులేసు పెండ్లాం బస్సెక్కింది

అనంతపురంలో బండ్లకు సీట్లు కుట్టే ఓబులేసుకు ఒకటే బాధ. వాడు కుట్టిన సీటు మీద ఊరంతా కూచుంటాది, వాని పెండ్లాం కుళ్లాయమ్మ మాత్రం కూచోదు. ముందంతా కూచునేదే, పోను పోను మానేసింది. పుట్టింటికి డోన్ పోవాలంటే సంచి చంకన పెట్టుకోని బస్సెక్కుతాది.

ఇదేం పెద్ద బాధ అనుకుంటారేమో. వాని అంగడి బోర్డు మీద ఏం రాసుకున్నాడో తెలుసా? 'మా సీటు మీద కూచుంటే కాశీ దాకా నడుము నొయ్యదు' అని. ఎదురుగా టీ అంగడి తిప్పయ్య ఆ బోర్డు చూసి, బస్టాండు తట్టు పోతాండే కుళ్లాయమ్మను చూసి, "కాశీ సంగతి అట్లుండనీ ఓబులేసూ, డోన్ దాకా ఎవరన్నా పోయినారా?" అంటాడు. టీ తాగేటోళ్లంతా పొలమారేటట్టు నవ్వుతారు.

ఓబులేసంటే అల్లాటప్పా మనిషి కాదు. అనంతపురంలో బండెక్కితే తిరుపతిలో దిగడమే. దోవ నడాన కాలు కింద పెట్టే పనే లేదు. ఒకసారి సగం దోవలో పెట్రోలు అయిపోయిందంట. అయినా ఆగలేదు. వాని మాటకు సిగ్గుపడి బండి అదే పోయిందంట, ఇరవై కిలోమీటర్లు. వాడే చెప్పినాడు, నేను కొంచెం తగ్గించి చెప్తాండా.

పెండ్లైన కొత్తలో కుళ్లాయమ్మకు ఒక మాటిచ్చినాడు. బండి మీద కూచోబెట్టుకోని కన్యాకుమారికి తీసుకపోతా, మూడు సముద్రాలు చూపిస్తా అని. ఇరవై ఏండ్లు గడిచిపాయ. ఈ యేడు ఏమైనా సరే పోవాల్సిందే అన్నాడు.

"పోదాం," అంది కుళ్లాయమ్మ. "నువ్వు బండి మీద రా. నేను రైల్లో వస్తా. సముద్రం కాడ కలుద్దాం."

ఆ మాటతో వానికి కూడు సయించలే. తప్పు బండిదే అనుకున్నాడు. వెనక కూచునే మనిషికి సుఖంగా ఉండే దూరపు బండి కోసం మూడు నెలలు తిరిగినాడు. తిరగడం అంటే మామూలుగా కాదు, దొంగను పట్టే పోలీసు తిరిగినట్ల. షోరూములోనికి పోయి వెనక సీటును బొటనవేలితో నొక్కేది. కుట్లు లెక్కబెట్టేది. స్పాంజి వాసన చూసేది. "చానా సుఖంగా ఉంటాదన్నా" అని అమ్మేటోడు ఒకసారంటే నమ్మేటోడు, రెండోసారి అంటే బయటికొచ్చేసేటోడు. ఒకసారి చెప్తే చాలే మాటను రెండుసార్లు ఏంటికి చెప్పినాడు?

దూరం పోయేటోళ్లు వేసుకునే కొత్త జాకెట్టు కూడా కొన్నాడు. నల్లది. వీపుకూ భుజాలకూ గట్టి అట్టలుండాయి, తూటా తగిలినా తెలియదని అమ్మినోడు చెప్పినాడు. పాతది పనికిరాకుండా పోయింది. దానికి కుడి భుజం కాడ మాత్రం అరిగి దారాలు తేలినాయి, ఎడమ భుజం కొత్తదాని మాదిరే ఉండాది. అదెట్లప్పా ఒక్క పక్కే అరుగుతాది? పాతది అమ్మినోని మీదికి కొట్లాటకు పోయినాడు. ఎలకలు కొరికినాయేమో అని ఆ పొద్దే ఎలకల బోను కూడా తెచ్చినాడు. బోనులో ఏమీ పడలే.

కడాకు బళ్లారి బ్రోకరు కాడ ఒక పెద్ద బండి దొరికింది. వెనక సీటు చూస్తే నులకమంచమే. వీపు ఆనించుకునేకి దిండు ఉండాది. పట్టుకునేకి రెండు పక్కలా కడ్డీలుండాయి. మోకాళ్లు గడ్డానికి తగలకుండా కాళ్లు పెట్టుకునే కడ్డీలు బాగా కిందికున్నాయి.

"ఎవరిదప్పా ఈ బండి?"

"డాక్టరుది. నడుము నొప్పుల డాక్టరు."

"నడుము నొప్పుల డాక్టరు ఏంటికి అమ్మినాడు?"

"నీకు అమ్మేకే," అన్నాడు బ్రోకరు ఇసుక్కోని. "మూడు దినాలు తిప్పి చూసుకో. శుక్రవారానికి అవునా కాదా చెప్పు. ఇంకొకాయన కాచుకోని ఉండాడు."

ఇంకొకాయన నిజంగా ఉండాడా లేడా అని ఒక పూటంతా ఆలోచన చేసినాడు ఓబులేసు.

బుధవారం పొద్దున కుళ్లాయమ్మను బతిమాలి బామాలి ఆ బండెక్కించి డోన్‌కు తీసుకపోయినాడు. గాలి మాదిరి పోయినాడు. అత్తగారింటి ముందర దింపి, "ఎట్లుండాది మే సీటు?" అన్నాడు.

ఆయమ్మ గోడ పట్టుకోని నిలబడి, "సీటు బాగానే ఉండాది," అంది.

మధ్యాన్నం తిరిగి వచ్చేటప్పుడు చూస్తే డోన్ బస్టాండులో ఉండాది, సంచి చంకన పెట్టుకోని.

"బాగుంటే బస్సేంటికి?"

"బస్సు గుత్తిలో పది నిముషాలు ఆపుతాడు," అని ఎక్కేసింది.

గుత్తిలో పది నిముషాలు! ఓబులేసు తల గిర్రున తిరిగింది. ఏముండాది గుత్తిలో? ఎవరుండారు గుత్తిలో? జాకెట్టు గొంతు దాకా బిగించుకోని, బస్సు వెనకాలే పోయినాడు. గుత్తిలో అరటిపండ్ల బండి చాటున నక్కి చూసినాడు. పండ్లామె ఎన్ని కావాలని మూడుసార్లు అడిగింది, పలకలే.

కుళ్లాయమ్మ బస్సు దిగింది. నడుం మీద చేతులు పెట్టుకోని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచింది. ఎవరో ముసలామెతో కలిసి టీ తాగింది. ఆ ముసలామె ఏదో అంటే పకపకా నవ్వింది. కొండ మీద కోట తట్టు కొంచేపు చూసింది. మళ్ల ఎక్కి కూచుంది. బస్సు పోయింది.

ఇంతే! ఇంతే అయితే ఇంకా అనుమానం. ఇంత దానికి ఎవరన్నా బస్సెక్కుతారా?

అప్పుడు చూసినాడు. ఆ టీ అంగడికి రోడ్డు అవతల ఏముండాదో. హుసేనప్ప సీట్ల అంగడి. తన ఉస్తాదు.

ఓబులేసుకు అంతా తెలిసిపోయింది. తెలిసింది తప్పే గానీ, తెలిసిపోయిందనే అనుకున్నాడు.

హుసేనప్పను గురించి ఒక్క మాట చెప్పాల. వాళ్ల నాయన దూది ఏకేటోడు, ఈయప్ప స్పాంజిలోకి దిగినాడు. ఆ చేతిలో ఏముండాదో దేవునికే ఎరుక. ఒకాయన హుసేనప్ప కుట్టిన సీటు మీద కోడిగుడ్ల తట్ట కట్టుకోని బళ్లారికి పోయినాడు. ఒక్క గుడ్డు పగల్లే. తట్ట దించేసరికి ఒక గుడ్డులోంచి పిల్ల బయటికొచ్చి, అప్పుడే వచ్చేసినామా అన్నట్టు చూసిందంట. నమ్మకపోతే ఆ కోడి మనవరాండ్లు ఇంకా బళ్లారిలోనే ఉండాయి, పోయి అడగండి.

ఓబులేసు ఆయప్ప కాడ పదకొండేండ్లు పని నేర్చుకున్నాడు. కోసేది, కుట్టేది, గుంజి మేకులు కొట్టేది అన్నీ నేర్పినాడు. ఒకటి మాత్రం నేర్పలే. ఎవరన్నా సీటు కోసం వస్తే, ఉస్తాదు ముందు ఆ మనిషి బండి వెనకాల తానే ఎక్కి కూచోని ఒక చుట్టు పోయొచ్చేది. వచ్చి, చెవి మీద సుద్దముక్క తీసి స్పాంజి మీద ఒక గీత గీసేది. ఆ గీత ఎట్ల గీస్తాడో చెప్పలే. అడిగితే, "కూచుంటే తెలుస్తాది పో" అనేది.

అదే దాచినాడు, అనుకున్నాడు ఓబులేసు. ముసలాయన ఒక పట్టు దాచిపెట్టుకున్నాడు. అందుకే నా సీట్లు నా పెండ్లానికే పనికిరాలే.

రోడ్డు దాటి పోయినాడు. ఉస్తాదు గుమ్మంలో కూచోని ఒక పాత సీటుకు కుట్లు విప్పుతాండాడు.

"ఏమిరా ఓబులేసూ. అరటిపండ్లు కొన్యావా?"

చూసేసినాడన్నమాట. ఓబులేసుకు ఇంకా మండింది.

"ఉస్తాదూ, పదకొండేండ్లు నీ అంగడి చిమ్మినా. నా కాడ ఏంటికి దాచినావు?"

"ఏం దాచినా?"

"వెనక సీటు గీత."

ఉస్తాదు వాని తట్టు చూసినాడు, బండి తట్టు చూసినాడు, ఆ నల్ల జాకెట్టు తట్టు చూసినాడు.

"కుళ్లాయమ్మ బాగుందా?"

"బస్సులో బాగనే ఉండాది," అన్నాడు ఓబులేసు. "ఈ బండి కొనాల్నా వద్దా శుక్రవారానికి చెప్పాల. కొన్నా ఆయమ్మ ఎక్కదు. ఇరవై ఏండ్ల కింద ఇచ్చిన మాట ఉస్తాదూ. ఆయమ్మ రైల్లో వస్తాదంట. నేనొక్కణ్నే పోయి సముద్రం కాడ ఏం చేసుకోవాల?"

ఈ మాట అంటానే జాకెట్టు ఇంకా బిగించుకున్నాడు.

ఉస్తాదు లేచి లుంగీ ఎగ్గట్టినాడు. చెవి మీద సుద్దముక్క తీసి అరచేతిలో వేసుకోని పొడి పొడి చేసినాడు. "పద. ప్యాపిలి దాకా పోయొద్దాం," అన్నాడు.

సుద్ద నలపడం ఓబులేసు ఓరకంట చూసినాడు. ఇదే ఆ పట్టు, అనుకున్నాడు. ఈ పొద్దు కండ్లలో వత్తులు వేసుకోని చూడాల్సిందే.

ఆ దోవంతా రోడ్డు కంటే అద్దాన్నే ఎక్కువ చూసినాడు. అద్దంలో ఉస్తాదు తెల్లగడ్డం గాలికి ఊగతాంది. మొగం మామూలుగా ఉండాది. చేతులు కనపళ్లే. ఆ చేతులు సీటును కొలుస్తాండాయి, అనుకున్నాడు. బండి ఒక పక్కకు రవ్వంత వాలితే, "ఆ, ఇప్పుడు అంచు కొలిచినాడు" అనుకున్నాడు. చెవులు రిక్కించినాడు, బండిని వణక్కుండా పట్టుకున్నాడు.

దోవలో ముంజకాయలమ్మేటోళ్లు దాటిపోయినారు. చింతచెట్టు కింద టీ అంగడి దాటిపోయింది. బోరింగు దాటిపోయింది. ప్యాపిలి కాడ ఆగకుండానే అట్లనే తిప్పుకున్నాడు. మళ్ల బోరింగు, మళ్ల టీ అంగడి, మళ్ల ముంజకాయలు. చక్రం నిలబడితే ఒట్టు.

గుత్తిలో ఆపినాక ఉస్తాదు దిగలేకపోయినాడు. ఒక కాలు ఎత్తి, దాన్ని యాడ పెట్టాల్నో తెలియనట్ల కొంచేపు అట్లనే పట్టుకున్నాడు. దిగినాక, ఆపుకోలేనోని మాదిరి అంగడి వెనక గోడ తట్టు బిన్నా బిన్నా పోయినాడు. చానాసేపటికి వచ్చినాడు. టీ తెప్పించుకోని, సగం తాగినాక పలికినాడు.

"జాకెట్టు ఇప్పు."

ఓబులేసు ఇప్పినాడు. చూసి నోరు తెరిచినాడు.

నల్ల జాకెట్టు వీపంతా తెల్లటి గుర్తులు. నాలుగు నాలుగు వేళ్లు. కుడి భుజం మీద ఒకదాని మీద ఒకటి దట్టంగా పడినాయి. ఎడమ పక్క కొన్ని. నడాన కొన్ని. పోను పోను పలచబడి, కడాకు ఒక్క వేలు గుర్తు, పడీ పడనట్ల.

సుద్ద గుర్తంటే సీట్లు కుట్టేటోనికి అర్థం ఒకటే. ఈడ కోయాల.

"దొరికింది ఉస్తాదూ!" అని ఎగిరినాడు ఓబులేసు. "పదకొండేండ్లకు బయటపెట్టినావు!" ఉరికి పోయి లోపల్నుంచి టేపు తెచ్చినాడు. జాకెట్టును వెనక సీటు మీద పరిచినాడు. భుజం ఎటు రావాల, నడుము ఎటు రావాల అని తిప్పి తిప్పి చూసినాడు. "కుడి పక్క దట్టంగా ఉండాది, అంటే ఈ పక్క రెండు వేళ్ల లోతు తియ్యాల. అంతేనా? ఈ ఒక్క వేలు ఏంది? చిల్లా?"

ఉస్తాదు టీ తాగుతా చూస్తాండాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కొలవనిచ్చినాడు.

"ఓబులేసూ. సీటు బాగానే ఉండాది."

టేపు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఈ మాట పొద్దున విన్నదే. ఇదే మాట. గోడ పట్టుకోని చెప్పింది కుళ్లాయమ్మ.

"మరి ఈ గుర్తులు?"

ఉస్తాదు గ్లాసు గుమ్మం మీద పెట్టి లేచినాడు. వాని వెనక్కి పోయినాడు. ఇప్పుడు వాని ఒంటి మీద ఉండేది పలచటి చొక్కా. కుడి భుజం మీద నాలుగు వేళ్లతో, టప్ టప్.

ఓబులేసు గభాల్న తిరిగినాడు. "ఏంది ఉస్తాదూ?"

"ఇప్పుడు తిరిగినావు," అన్నాడు హుసేనప్ప. పాత సీటు ఒళ్లో వేసుకోని, మిగిలిన కుట్లు విప్పుకుంటా కూచున్నాడు.

ఓబులేసు టేపు చుట్టి ఇచ్చినాడు. ఇంటికి పోయి, మేకుకు తగిలించిన పాత జాకెట్టు దించినాడు. కుడి భుజం కాడ అరిగిన చోట చెయ్యి పెట్టి చూసినాడు. వాని చెయ్యి పెద్దది, అరిగిన మేర దాటి బయటికొచ్చింది. ఇంకా చిన్న చెయ్యి అయితే సరిగ్గా పడతాది. తర్వాత పోయి ఎలకల బోను తీసి అటక మీద పడేసినాడు.

శుక్రవారం పొద్దున బ్రోకరు ఫోను చేసినాడు. "ఏమప్పా, తీసుకుంటావా లేదా?"

"వెనక కూచునే మనిషిని అడిగి చెప్తా," అన్నాడు ఓబులేసు.

బ్రోకరు, ఎవరో బాగా చెడగొట్టినారు వీణ్ని అనుకోని పెట్టేసినాడు.

కుళ్లాయమ్మ బయటికొచ్చి చూస్తే, వాడు పలచటి చొక్కా వేసుకోని బండి కాడ నిలబడి ఉండాడు.

"జాకెట్టేది?"

"ఉస్తాదు కాడ ఇడ్సిపెట్టొచ్చినా."

"ఏంటికి?"

"ఉక్కపోస్తాంది."

ఆయమ్మ వాణ్ని కింది నుంచి మీదికి చూసింది. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. ఇరవై ఏండ్లుగా అనుమానాలన్నీ వాడే పడతాండె, ఆ పొద్దు ఆయమ్మ వంతు వచ్చింది. సంచి చంకలోంచి తీయకుండానే వెనక ఎక్కి కూచుంది.

వీధి దాటినారు. తిప్పయ్య టీ అంగడి ముందరికి వచ్చేసరికి, కుడి భుజం మీద నాలుగు వేళ్లు పడినాయి. టప్ టప్.

ఓబులేసు బండి ఆపినాడు. రెండు కాళ్లూ కింద పెట్టినాడు. తిప్పయ్య చేతిలో టీ వొలికింది.

"ఏం మే?"

"ఏం లేదు," అంది కుళ్లాయమ్మ. "ఊరికే చూసినా. పద."