దేశాయి ఒప్పుకున్న కొండ కట్టుబాటు

నరసింహస్వామికి దండం పెట్టుకుని చెబుతున్నాను, వినండి. పూర్వం ఒక రాజ్యంలో కొండవాళ్లకు కొండ కట్టుబాటు, పల్లంవాళ్లకు పల్లం కట్టుబాటు ఉండేవి. రెంటికీ తీర్పు చెప్పేది మాత్రం పల్లం పెత్తందారు దేశాయే.

కొండమనిషి సింగారి గేదె తప్పిపోయి, దేశాయి కొట్టంలో పెయ్యదూడను ఈనింది. సింగారి ఇంటి ఆశంతా ఆ దూడ మీదే. ఆమె రాగానే దేశాయి పీట వేయించాడు. ఎన్నడూ లేని ఈ మర్యాద ఏమిటా అని ఆమెకు అనుమానం వచ్చింది.

"గేదెను తోలుకుపో సింగారీ. ఎవరి కొట్టంలో ఈనితే దూడ వాళ్లదేనని మీ కట్టుబాటేగా" అన్నాడు దేశాయి.

"మరి మొన్న మీ ఆవు మా కొట్టంలో ఈనితే, దూడను కూడా తోలుకొచ్చారేం దొరా?"

"అది పల్లం ఆవు. దానికి మా కట్టుబాటు. ఇది కొండ గేదె, దీనికి మీది."

సింగారి తలూపింది. "అయితే ఉంచుకోండి. అలా దూడను తీసుకున్నవాడు ఆ రోజు నుంచి మా గూడెం మనిషే. అదీ మా కట్టుబాటే. మా పెద్దలకు చెప్పి వస్తాను. ఇక మీ మందకూ మా కట్టుబాటే. వానాకాలమంతా కొండ మేతకొచ్చే మీ మంద మా కొట్టాల్లోనే కదా ఈనేది."

దేశాయి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ మాట నిజమో అబద్ధమో ఎంత చూసినా తేలలేదు.

చివరికి పాలేరు వైపు తిరిగి, "దూడను కూడా విప్పరా" అన్నాడు.