పన్నెండు సైకిళ్ల దారి

ఆ దారి మొత్తంలో హైమవతికి గిట్టనిది ఒక్క కిలోమీటరున్నర.

గోదారి కొండల్లో సోమిరెడ్డి మాస్టారు కూర్చిన సైకిల్ దారి అది. మూడు రోజుల ప్రయాణం. ఎక్కడా బస్సు ఎదురుకాదు, వెనకనుంచి లారీ హారన్ కొట్టదు. పాత ఎడ్లబండి బాటలు, అడవిలో కాలిబాటలు, ఏటిగట్లు ఒకదానికొకటి కలుపుకుంటూ ఇరవయ్యేళ్లు తిరిగి ఆయన దాన్ని తయారుచేశారు. ఆ కొండల్లోనే పుట్టి, అక్కడి గిరిజన బడిలోనే డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. చలికాలం మొదలైతే చాలు, ఎక్కడెక్కడివాళ్లో సైకిళ్లు పట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

హైమవతిది రాజమండ్రి. మూడేళ్లుగా మాస్టారి వెనక తిరిగి ఈ విద్య నేర్చుకుంది. ఏ ఎత్తులో ఎవరికి కాళ్లు లాగేస్తాయో, ఏ వాగు దగ్గర నీళ్లు పట్టుకోవాలో, అలిగి కూర్చున్నవాణ్ణి ఏం చెప్పి లేపాలో అన్నీ తెలుసు ఆమెకి. ఆ ఏడు మాస్టారి మోకాళ్లు మొరాయించాయి. "ఈసారి జట్టుకి ముందు ఇంకెవరైనా ఉండాలి. చూద్దాం" అన్నారు. ఆ ఇంకెవరో తనేనని హైమవతికి ఏ అనుమానమూ లేదు. ఉంటే ఆయనకే ఉండాలి.

ఆమెకి గిట్టని ఆ ముక్క రెండోరోజు మధ్యాహ్నం తగిలేది. రాళ్లమెట్ట అంటారు దాన్ని. సైకిల్ ఎక్కి పోవడానికి వీల్లేదు. దిగి తోసుకుంటూ పోవాలి. జబ్బలు చరుచుకుంటూ వచ్చిన వస్తాదులు కూడా సగం మెట్టలో ఏదో ఒక బండ చూసుకుని కూలబడేవాళ్లు. చూడబోతే మెట్ట కిందనే నున్నటి తారురోడ్డు. వేసి నాలుగేళ్లయింది. చివర వాగు మీద వంతెన సగంలో ఆగిపోవడంతో దానిమీదికి ఏ బండీ రాదు. చలికాలంలో వాగు మోకాలి లోతే కాబట్టి సైకిల్ భుజాన వేసుకుని దాటేయొచ్చు. ఇంత వాటంగా ఉన్న రోడ్డుని కళ్లెదుట పెట్టుకుని మాస్టారు జనాన్ని రాళ్లెక్కిస్తున్నారు. పెద్దాయన, అలవాటు మార్చుకోలేకపోతున్నారు అని హైమవతి తనకి తనే సర్ది చెప్పుకుంది.

చెప్పుకుని ఊరుకోలేదు. ఆ రోడ్డు మీద మూడుసార్లు వెళ్లొచ్చింది. ఫోనులో కొత్త మ్యాపు గీసి, జట్టు రావడానికి నాలుగు రోజుల ముందు మాస్టారి ఎదుట పెట్టింది.

"ఒక్క బండీ ఎదురుకాలేదు మాస్టారూ. మూడుసార్లలో ఒక్కటంటే ఒక్కటి."

"ఎప్పుడెళ్లావు?"

"ఆగస్టులో రెండుసార్లు, సెప్టెంబరులో ఒకసారి. పొద్దున్నే."

"ఊ."

"రాళ్లమెట్ట తప్పిపోతుంది. గంట కలిసొస్తుంది. శనివారం వచ్చే పన్నెండుమందినీ ఇటే తీసుకెళ్తాను. మీరు ఊ అంటే చాలు."

ఇందాక ఆయన అన్న ఊ తనకి కావలసిన ఊ కాదని ఆమెకి తెలుసు.

మాస్టారు ఫోను ఆమె చేతికిచ్చేశారు. "రేపు పదిగంటలకి వెళ్దాం పద. నువ్వు ముందుండు."

మర్నాడు ఎండ చురుక్కుమంటున్న వేళకి ఇద్దరూ ఆ రోడ్డెక్కారు. డిసెంబరు గాలి, నున్నటి తారు, ఎడమపక్క కొండ, కుడిపక్క దూరంగా గోదారి. హైమవతి హాయిగా తొక్కుతోంది. ఇలాంటి రోడ్డు మీద మోకాళ్ల నెప్పులున్నవాళ్లు కూడా పాడుకుంటూ పోవచ్చని, ఆ మాట మాస్టారికి వినబడేలాగే అంది.

ఇప్పలగొంది ఊరి దగ్గర మలుపు తిరిగేసరికి రోడ్డు కనబడలేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాగులు ఆరబోసి ఉన్నాయి. గాలికి చెదరకుండా అంచుల వెంట రాళ్లు పేర్చారు. కనుచూపుమేర, అరకిలోమీటరు దాకా, అంతా గింజలే. ఊరి పంట మొత్తం అక్కడే ఉన్నట్టుంది. మధ్యలో పాత గొడుగు కింద ఒక ముసలమ్మ కోళ్లని అదిలిస్తూ కూర్చుంది.

హైమవతి సైకిల్ ఆపి బెల్లు కొట్టింది.

"మామ్మగారూ, కాస్త దారిస్తారా? సైకిళ్లేనండి, పెద్ద బళ్లు కాదు."

"ఆగమ్మాయిగోరూ, తీత్తాను."

ముసలమ్మ నడుం పట్టుకుని లేచింది. పొడుగాటి కర్ర చివర చెక్కపలక కొట్టిన పనిముట్టు ఒకటి తీసుకుని గింజల్ని పక్కకి నెట్టడం మొదలుపెట్టింది. నెట్టిన గింజల్లో సగం మళ్లీ జారేవి. మళ్లీ నెట్టేది. మూరెడు వెడల్పున నల్లటి తారు కొంచెం కొంచెంగా బయటపడింది. పది బారలు తీసేసరికి ఆవిడకి ఆయాసం వచ్చి కర్ర మీద వాలింది.

హైమవతి మాస్టారి వైపు తిరిగింది. "చూశారా, అడిగితే ఇచ్చారు. ముందే చెప్పి ఉంచితే ఏ గొడవా ఉండదు." మళ్లీ ముసలమ్మతో, "ఆదివారం మధ్యాహ్నం పన్నెండుమందిమి వస్తాం మామ్మగారూ. ఇలాగే కాస్త దారి తీసి ఉంచుతారా?" అంది.

"ఆ పూట ఆరబొయ్యనులెండి. ఒక్క ఆదివారమేనా?"

"ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం వస్తామండి."

ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నెట్టసాగింది.

మాస్టారు సైకిల్ ఒక రాయికి ఆనించారు. చెప్పులు విప్పి పక్కన పెట్టారు. గొడుగు దగ్గర పడి ఉన్న రెండో పలక తీసుకుని, ముసలమ్మ తీసిన దారిని మొదటినుంచీ మూసుకుంటూ వచ్చారు. గింజల్ని మళ్లీ తారు మీదికి లాగి, చదును చేసి, మళ్లీ లాగి.

"ఇదేటి సోమయ్యా, తీసింది మల్లీ పోత్తన్నావు?" అంది ముసలమ్మ.

"ఆరనీ వదినా" అన్నారు మాస్టారు.

దారి పూర్తిగా మూసుకుపోయాక పలక ఎక్కడిది అక్కడ పెట్టారు. చెప్పులు సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి, సైకిల్ ఎత్తి భుజాన వేసుకుని రోడ్డు దిగారు. కింద మోకాలి ఎత్తు గడ్డి, బురద, దాని మధ్య ముళ్లపొదలు. హైమవతికి ఒకరి ఎదుట తన మాట తీసేసినందుకు కోపం వచ్చింది. అయినా ఆయన ముందు నడుస్తుంటే తను రోడ్డు మీద నిలబడలేక, సైకిల్ ఎత్తుకుని వెనకే దిగింది.

ఆ అరకిలోమీటరు నడవడానికి అరగంట పట్టింది. అడుగు వేసినప్పుడల్లా మాస్టారి కుడి మోకాలు వణకడం వెనకనుంచి కనిపిస్తూనే ఉంది. ఒకచోట, "ఇలా ఇవ్వండి మాస్టారూ, రెండూ నేను మోస్తాను" అంది. ఆయన ఇవ్వలేదు. అప్పటికి ఆమె కోపం పోయింది. భయం మిగిలింది, శనివారం జట్టు ఇక తనది కాదేమోనని.

గింజలు ఆగిపోయిన చోట చిన్న కల్వర్టు ఉంది. మాస్టారు దానిమీద కూర్చుని పాదంలో ముల్లు తీసుకుంటున్నారు.

"మా వాళ్లు కూడా ఇలాగే మోసుకొస్తారు మాస్టారూ. నేను మోయిస్తాను."

"పదకొండుమంది మోస్తారు."

పన్నెండోవాడు గింజల మీదుగానే తొక్కుకుపోతాడు. ప్రతి జట్టులోనూ ఆ పన్నెండోవాడు ఒకడుంటాడు. మూడేళ్లలో వాళ్లందరి పేర్లూ ఆమెకి గుర్తే.

మాస్టారు ముల్లు పారేశారు. "మా వదిన ఈ రోడ్డు మీద ఎందుకు ఆరబోసుకుంటోంది?"

"చదునుగా ఉంటుంది. పైగా బళ్లు రావు కదండీ."

"ఆదివారం నుంచి పన్నెండు వస్తున్నాయి."

ఆమె మాస్టారి వైపు చూసింది. తర్వాత తన సైకిల్ వైపు చూసింది. దాన్ని కల్వర్టుకి ఆనించి, వచ్చిన ముళ్లలోంచే వెనక్కి నడిచి వెళ్లింది.

"ఆదివారం ఎవరూ రావడం లేదు మామ్మగారూ. మీ పని మీరు చేసుకోండి."

"ఆ పూట ఆరబొయ్యనన్నాను కదమ్మా."

"వద్దండి. ఏ ఆదివారమూ రాము. తప్పు నాదే, చూసుకోకుండా చెప్పాను."

ముసలమ్మ ఆమెని కిందినుంచి పైదాకా చూసి, "కాళ్లు కడుక్కుని కూకో, మజ్జిగ తాగుదువుగాని" అంది. హైమవతి కూర్చోలేదు. పలక తీసుకుని, తమ మూలంగా కుప్పపడ్డ చోట గింజల్ని పల్చగా నెరిపింది. ఆ తర్వాతే మజ్జిగ తాగింది.

ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారు చెప్పులు తొడుక్కుని సిద్ధంగా ఉన్నారు.

"శనివారం జట్టుకి ముందు నువ్వుండు" అన్నారు. "నేను చివర్న వస్తాను."

ఏ దారిన అని ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

పన్నెండుమందీ శనివారం బయల్దేరారు. ఆదివారం మధ్యాహ్నానికి రాళ్లమెట్ట మీద ఉన్నారు. హైమవతి ముందు నడుస్తోంది, ఒక చేత్తో తన సైకిల్ తోసుకుంటూ, రెండో చేత్తో వెనకవాడి హ్యాండిల్ పట్టి లాగుతూ. హైదరాబాదు నుంచి వచ్చిన బొద్దుపాటి మనిషి ఒకాయన ఆయాసపడుతూ ఆగి, చెమట తుడుచుకుని కిందికి చూశాడు.

"మేడమ్, అంత మంచి రోడ్డు పెట్టుకుని ఈ రాళ్లలో చంపుతున్నారేంటండీ? దానిమీద ఒక్క బండి కూడా లేదు కదా."

"లేదండీ" అంది హైమవతి. "అందుకే."