ఎలుగు వేషం వేసిన ఎలుగుబంటి

రుమేనియా దేశపు కొండల్లో ఒక లోయ ఉంది. అక్కడి మనుషులకు ఏడాది పొడుగునా ఎలుగుబంటి అంటే హడల్. ఏడాది ఆఖరి రోజున మాత్రం వాళ్లే ఎలుగు తోళ్లు కప్పుకుని, ఎర్ర కుచ్చులు కట్టుకుని, డప్పులతో ఇంటింటికీ తిరిగి గంతులేస్తారు. డప్పులవాళ్ల నాయకుడు, అంటే డప్పుల పెద్ద, తన కర్రతో తాకిస్తే వేషపు ఎలుగు చచ్చినట్టు పడాలి, మళ్లీ లేవాలి. పాత ఏడు పోయి కొత్త ఏడు వచ్చినట్టన్నమాట. ఆడినవాడికి తీపి రొట్టె పెడతారు. అసలు ఎలుగు వస్తే తుపాకీ తీస్తారు. మనుషుల మర్యాదలు అలాంటివి.

సఫ్తా అనే నక్కకు మంచు మొదలైనప్పటి నుంచీ సరైన తిండి లేదు. ఇలియానమ్మ కొట్టంలో పెద్దబాతులున్నాయి. వాటికి కాపలా లూపు అనే కుక్క. ఎన్ని డప్పులు మోగినా అది లేవదు. తోలు లోపలున్నది పక్కింటి కుర్రాడేనని దానికి తెలుసు.

'అసలు ఎలుగు వాసన తగిలితే లేవక చస్తుందా' అనుకుని సఫ్తా అడవిలోకి పోయింది.

"గ్రిగోరె మామా, శీతాకాలం వచ్చినా ఇంకా పడుకోలేదేం?"

"కడుపు నిండితేగా నిద్ర పట్టేది" అన్నాడు ఎలుగుబంటి.

"ఊళ్లో రొట్టెలు పెడుతున్నారు. నీ వేషం వేసినవాళ్లకే పెడుతుంటే నీకు పెట్టరా?"

"కాల్చేస్తారేమోనే."

"ఈ ఒక్క రోజు నువ్వు అసలు ఎలుగువన్నా ఎవరూ నమ్మరులే మామా. కర్ర తగలగానే పడిపో. ఊరికే పడితే చాలదు. కళ్లు మూసి, ఒళ్లు వదిలేసి, నిజంగా పోయినట్టుండాలి."

"మరి లేవడం?"

"అది వాళ్లే చెబుతారులే" అంది సఫ్తా. ఆమె మనసు అప్పటికే బాతు మెడ దాకా వెళ్లిపోయింది.

చెవులకు ఎర్ర పండ్ల గుత్తులు తగిలించి, మామను ఇలియానమ్మ వాకిట్లోకి తోలింది. లూపు ముక్కు ఎగరేసి లేచింది. ఆ సందులో సఫ్తా కొట్టంలో దూరింది.

బయట జనం పెదవి విరుస్తున్నారు. "ఎవర్రా వీడు? తోలెంత నాసిగా ఉందో." "ఎలుగు అలా నడుస్తుందా? పోయినేడు మా తోమా ఆడాడు, అదీ నడకంటే." "తిండి మాత్రం బాగా వచ్చు, రొట్టెలన్నీ మింగేశాడు."

సఫ్తా బాగా బలిసిన బాతును ఎంచుకుంటుండగా కర్ర చప్పుడైంది. ఆ వెంటనే దభీమని ఏదో పడింది. తలుపు మూసుకుపోయింది. నెట్టింది, కదల్లేదు.

"ఎవరది?" అంది.

"నేనే, లూపుని" అంది కుక్క పలకల సందులోంచి. "నన్ను చూసి మీ మామ నిజం చెప్పేశాడు. నేను అరిస్తే ఆయన ప్రాణం పోతుంది, ఆయన చేసిన తప్పేముంది? అందుకని, ఈ కొట్టం తలుపు దగ్గర గడ్డి మెత్తగా ఉంది, అక్కడ పడమన్నాను."

"మామా, లే. ఆట అయిపోయింది" అంది సఫ్తా.

జవాబుగా గురక వచ్చింది. కడుపు నిండిన ఎలుగు శీతాకాలంలో ఒళ్లు వదిలేసి పడుకుంటే ఏమవుతుందో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"తినవేం అక్కా?" అంది పెద్దబాతు. "తలుపు తీసేసరికి నీ మూతికి ఈకలుంటే అమ్మగారికి దొంగను వెతుక్కునే పని తప్పుతుంది."

సఫ్తా బాతులకు దూరంగా మూలన కూర్చుంది.

బయట డప్పుల పెద్ద నాలుగుసార్లు కర్రతో పొడిచి విసుక్కున్నాడు. "పీకల దాకా తాగినట్టున్నాడు. మనవాడు కాదు, పై ఊరివాడు. వాళ్ల దారిలో దించేసి రండి." మీద దుప్పటి కప్పి, మంచుబండి మీద అడవి అంచు దాకా లాక్కెళ్లారు. దారంతా పై ఊరివాళ్లకు తాగడం కూడా చేతకాదని తిట్టుకున్నారు.

మామ పక్కకు జరగగానే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో లూపు తీరిగ్గా కూర్చుని ఉంది. సఫ్తా ప్రాణం దక్కించుకుంది గాని, తోక మాత్రం లూపు నోట్లోనే ఉండిపోయింది. మరుసటేడు డప్పుల పెద్ద టోపీకి దాన్ని కుట్టుకున్నాడు. ఆ ఏడు అన్ని వేషాల్లోకీ అదొక్కటే అసలైనదిలా ఉందని ఊరంతా మెచ్చుకుంది.

నీతి: ఒకరికి పడిపోవడం నేర్పేముందు, వాళ్లు ఎక్కడ పడతారో చూసుకోవాలి.