పొరమ్మ గుడికి తలుపు ఎందుకు లేదు

ఈదులగుట్ట కింద, బండల నడుమ ఉన్న పొరమ్మ తల్లి గుడికి తలుపు లేదు. గుమ్మానికి అడ్డంగా పలుచని నూలు గుడ్డ కట్టి ఉంటుంది. దాన్ని చూసి జాలిపడి తలుపు చేయిస్తామని ముందుకు వచ్చే భక్తులకు మా కమిటీ చేతులెత్తి దండం పెడుతున్నది. వద్దు బాబూ. నిరుడు ఒక దాత మాకు చెప్పకుండా ఇనుప తలుపే బిగించి పోయాడు. దాన్ని ఊడదీయడానికి రెండు రోజులు పట్టింది.

గర్భగుడిలో విగ్రహం ఉండదు. చేతి పొడవు మట్టి జాడీ, దాని నిండా ఈతకల్లు పులిసి అయిన సిర్కా (మీరనే వెనిగర్), అందులో ఎల్లిగడ్డ, అల్లం, పచ్చిమిర్చి. పైన అరచేయంత మందాన తెల్లగా, మీగడలా తేలే పొర ఉంటుంది. ఆ పొరే తల్లి. వచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది లోపలికి తొంగిచూసి, "అయ్యో, బూజు పట్టింది కదండీ!" అంటారు. ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఈ పుస్తకం రాస్తున్నాను. దయచేసి చదివాకే లోపలికి రండి.

పూర్వం ఇక్కడ గౌడుల ఇండ్లు ఏడో ఎనిమిదో ఉండేవి. అందులో ఒక ఇంటి పెద్ద బుచ్చవ్వ. మంచి మనిషే, కాని తాను అనుకున్నదే వేదం. ఆమె కోడలు కిష్టవ్వ. అమ్ముడుపోక మిగిలిన కల్లును పారబోయకుండా జాడీలో పోసి, గుడ్డ కట్టి, సిర్కా చేయడం కిష్టవ్వ పుట్టింట్లో నేర్చుకున్న పని. మొదటి జాడీకి ఇరవై రోజుల్లో పొర కట్టింది. బుచ్చవ్వ గుడ్డ విప్పి చూసి, "బూజు" అని పారబోసింది. రెండోదీ అంతే. కిష్టవ్వ ఏదో చెప్పబోతే, "నాకు నేర్పుతున్నవా?" అన్నది. అత్తలకు ఈ మాట ఎక్కడి నుంచి దొరుకుతుందో ఆ తల్లికే తెలియాలి.

మూడో జాడీలో పొర కట్టడమే కాక, కిష్టవ్వ వేసిన ఎల్లిగడ్డ రెబ్బలు నీలంగా మారాయి. సరిగ్గా ఆనాడే మామకు కడుపునొప్పి వచ్చింది. ముందు రోజు పెండ్లిలో రెండు పూటలా మాంసం ఆయన ఎంత తిన్నాడో ఎవరూ గుర్తు చేసుకోలేదు. "నీలిరంగు విషం! నా ఇంట్ల విషం కలిపింది!" అని బుచ్చవ్వ వాకిట్లో గొంతెత్తింది. కులపెద్దలు కూర్చున్నారు. జాడీ దగ్గరికి వెళ్లి చూసినవాడు ఒక్కడూ లేడు. కోడలిని పుట్టింటికి పంపమన్నారు. కిష్టవ్వ చీరల మూట నెత్తిన పెట్టుకుని, పొలాల గట్టున ఏడ్చుకుంటూ పోయింది. బుచ్చవ్వ జాడీని గుట్ట కింది బండ మీద కుమ్మరించి, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకున్నది.

మధ్యాహ్నపు కునుకులో తల్లి కనిపించింది. ఒళ్లంతా తడి, పుల్లని వాసన, ముఖంలో మండే కోపం.

"ఏమే బుచ్చవ్వా! మూడుసార్లు పారబోసినవ్ నన్ను. ఒక్కసారన్న వేలు పెట్టి చూసినవా? బూజుకు నూగు ఉంటది. పచ్చగనో, నల్లగనో, పొడిపొడిగ పైన కూసుంటది. అసొంటి జాడీ మొత్తం పారబొయ్యి, నేను వద్దనను. నేను నున్నగ, తడిగ, జారుతుంట. కల్లును పులుపు చేసేదాన్ని నేనే. ఎల్లిగడ్డ నీలమైతే అది పులుపు చేసిన పని, విషం కాదు. నీ మొగని కడుపునొప్పికి నా బిడ్డను ఎల్లగొడ్తవా?"

బుచ్చవ్వ ఉలిక్కిపడి లేచి బండ దగ్గరికి ఉరికింది. బండ గుంటలో గుక్కెడు సిర్కా మిగిలి ఉంది. అందులో రూపాయి బిళ్లంత పొర తేలుతున్నది. వేలు పెట్టి చూసింది. నున్నగా ఉంది. అక్కడే కూలబడి తల బాదుకున్నది.

మోదుగాకుతో ఆ పొరను ఎత్తి జాడీలో వేసి, పులిసిన కల్లు పోసి, తన కొంగు చింపి మూతికి కట్టింది. ఆ తల్లికి గాలి ఆడాలి. ఇనుము, ఇత్తడి పనికిరావు, పులుపు వాటిని తినేస్తుంది. అందుకే గుడికి తలుపు లేదు, గంట లేదు. మీరు ఇచ్చిన పద్నాలుగు ఇత్తడి గంటలు కమిటీ గదిలో భద్రంగా ఉన్నాయి, ఇక చాలు. జాడీలో చిల్లర వేసే మహానుభావులకు వేరే దండం.

నలభై రోజులకు పొర జాడీ మూతి నిండా పరుచుకున్నది. బుచ్చవ్వ జాడీని చంకన పెట్టుకుని, నాలుగు కోసులు నడిచి, కోడలి పుట్టింటి ముందు ఊరందరి ఎదుట నిలబడింది. "చూడకుండ పారబోసిన, బిడ్డా. చూడకుండ నిన్ను మాటలన్న. తప్పు నాదే," అన్నది.

కిష్టవ్వ ఏడవలేదు, కాళ్లకు దండం పెట్టలేదు. గుడ్డ విప్పి, పొరను పక్కకు జరిపి, కొయ్య గరిటెతో సిర్కా తీసి అత్త ముందు పెట్టింది.

"విషమన్నవ్ కదా అత్తా. ముందు నువ్వు తాగు."

బుచ్చవ్వ తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి పులుపుకు వచ్చాయని కొందరు, కాదని కొందరు అంటారు. అప్పుడు కిష్టవ్వ లోపలికి పోయి చీరల మూట తెచ్చుకున్నది.

సిర్కా కుమ్మరించిన ఆ బండ మీదనే నేటి గుడి ఉంది. ఏటా మాఘమాసం రెండో మంగళవారం అత్తలు ఇక్కడ వరుసలో నిలబడతారు. కోడళ్లు కొయ్య గరిటెతో పోస్తారు, అత్తలు ముందు తాగుతారు. ముఖం చిట్లించినవారిని వరుస చివరికి పంపుతాం, ఎంత పెద్దింటివారైనా సరే. కొత్త కోడలికి పొరలో ఒక ముక్క ఇచ్చి పంపుతాం. ఈ తల్లిని కొలిచిన ఇంట్లో నిజం తేలకుండా ఎవరికీ శిక్ష పడదని పెద్దల మాట.

నేను బుచ్చవ్వ వంశంలో ఆరో తరం వాణ్ణి. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆమె ఆ తరువాత పదకొండేళ్లు బతికిందట. ఆ పదకొండేళ్లలో జాడీ గుడ్డను కోడలిని పిలవకుండా ఒక్కసారీ విప్పలేదట.