మూత లేని నైవేద్యం

మిరియాలమెట్ట ఘాటు దారిలో చివరి మలుపు దాటగానే కుడివైపు రాతి మెట్లు కనిపిస్తాయి. పైన ఆలకింపమ్మ గుడి. అమ్మవారి విగ్రహం మెడ కుడి భుజం మీదికి వాల్చి, చెవి ఒగ్గి ఉంటుంది. శిల్పి చేసిన పొరపాటేమోనని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతుంటారు. పొరపాటు కాదు.

పూర్వం ఈ మెట్ట మీద మిరియాల తీగలు పెంచుకునే కుటుంబాలు ఉండేవి. అప్పట్లో అమ్మవారిని కొండమ్మ అనేవారు. ఆమె తిన్నగా ఊరి వైపే చూసేది. ఏటా తీగలు పూతకు రాగానే నూనెలో వేయించిన మిరియాల చెక్కలు నైవేద్యం పెట్టేవారు. ఒక ఏడు వానలకు దారి తెగి, కింది నుంచి నూనె రాలేదు. "నూనె వచ్చాకే పెడదాం" అన్నాడు ఊరిపెద్ద పారినాయుడు. మర్నాటికి అమ్మవారు ముఖం కొండ వైపు తిప్పేసుకుంది. తీగల మీద పూత గింజ కట్టకుండానే రాలసాగింది. అమ్మే వద్దనుకున్నాక ఇక్కడ ఉండి ఏం లాభమని ఊరంతా మూటలు కట్టింది.

సన్యాసమ్మ మాత్రం కట్టలేదు. భర్త పోయాక ఒంటి చేత్తో పెంచుకున్న తీగలు అవి. వాటిని వదిలితే ఆమెకు వేరే బతుకు లేదు. తెల్లవారుజామున కలలో అమ్మ కనిపించింది. "నూనె నేనడిగానా? నీ పొయ్యిలో నిప్పు లేదా? నా చెవికి వినబడేది పెట్టు" అంది.

సన్యాసమ్మ బియ్యప్పిండిలో ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు కలిపి, బిళ్ళలు వత్తి మట్టి మూకుడులో పేర్చింది. పైన మరో మూకుడు బోర్లించి, కిందా మీదా నిప్పులు పోసింది. మొదటి వాయ మాడింది. తర్వాతిది లోపల పచ్చిగా ఉండిపోయింది. పలచగా వత్తి, పుల్లతో పొడిచి, సన్నని సెగ మీద కాల్చాక కరకరలాడాయి. నైవేద్యం మీద ఎవరి కన్నూ పడరాదని ఆచారం. వాటి మీద వెడల్పాటి అడ్డాకు కప్పి గుడికి తీసుకెళ్ళింది. అమ్మ ముందు విరవబోతే బిళ్ళ వంగింది తప్ప విరగలేదు.

"తోలులా సాగుతోందే! అమ్మకి పళ్ళూడగొడతావేటే సన్యాసమ్మా?" అని అక్కడే ఉన్న పారినాయుడు నవ్వాడు.

ఆమె పళ్ళెం ఎత్తుకుని మెట్లు దిగింది. ఇంటికొచ్చి మళ్ళీ కాల్చింది. మూకుడులో కరకరలాడింది దారిలో ఎందుకు మెత్తబడుతోందని ఈసారి మధ్యలో ఆగి ఆకు ఎత్తి చూసింది. ఆకు అడుగున నీటి బొట్లు. వేడి బిళ్ళలు మూత కింద చెమరుస్తున్నాయి. వెనక్కి తిరిగి, ఇంకో వాయ కాల్చి, పూర్తిగా ఆరనిచ్చి, పళ్ళెం తెరిచే పట్టుకుని బయలుదేరింది.

పారినాయుడు మెట్ల మీద అడ్డం నిలిచాడు. "ఏటే, అమ్మ పళ్ళెం అలా బార్లా తెరిచి తెస్తావా? దిష్టి తగిలితే?"

"తగిలితే నాకు తగుల్తాది బావా. మూతేస్తే మెత్తబడతాది. తప్పుకో."

ఆమె పైకెక్కి అమ్మ చెవి పక్కన బిళ్ళ విరిచింది. పటుక్కుమంది. మెట్ల కింద మూటలు నెత్తిన పెట్టుకున్న వాళ్ళందరికీ వినిపించింది. కొండ వైపున్న ముఖం ఇటు మళ్ళి, మెడ వాల్చి, రెండో బిళ్ళ కోసం చెవి ఒగ్గి అలాగే నిలిచిపోయింది. ఆ రెండో బిళ్ళ పారినాయుడే విరిచాడు. ఆ ఏడు మిగిలిన పూతంతా గింజ కట్టింది. కొండమ్మ ఆలకింపమ్మ అయింది.

నేటికీ ఇక్కడ నైవేద్యం మీద ఆకు గానీ గుడ్డ గానీ కప్పరు. బిళ్ళలు గుడి దగ్గర అమ్మరు. ఎవరింట్లో వారే కాల్చి, ఆరబెట్టి తేవాలి. ఓవెన్‌లో కాల్చినా అమ్మవారికి అభ్యంతరం లేదు, నూనెలో వేయించినవి మాత్రం గడప దాటవు. సన్యాసమ్మ వంశపు ఆడవాళ్ళే పూజారులు. విరిచిన బిళ్ళ పలకకపోతే వాళ్ళు కోప్పడరు. "ఇంటికెళ్ళి మళ్ళీ కాల్చుకు రా, అమ్మ ఎక్కడికీ పోదు" అంటారు. అలా వెళ్ళి తిరిగి వచ్చినవారు తలపెట్టిన పని సగంలో ఆగదని ఈ మెట్ట మీద అందరి నమ్మకం.